కనూ, గుడారం, గాలం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

మోటారు పడవలు తిరగని అడవి సరస్సుల్లో కనూ, అంటే తెడ్లతో నడిపే సన్నని తేలిక పడవ, వేసుకుని వెళ్ళడం, రాత్రికి ఒడ్డున గుడారం వేసుకోవడం, వీలైతే చేపలు పట్టుకోవడం అనే ఈ ప్రయాణాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఒకే విషయం మీద వచ్చిన ఉత్తరాలను కలిపి ఒకే ప్రశ్నగా తీసుకున్నాం.

ప్రశ్న: మేం రెండు కుటుంబాల వాళ్ళం. నలుగురు పెద్దవాళ్ళం, 7, 11 ఏళ్ళ పిల్లలు ఇద్దరు. మాలో ఒక్కరికే ఇదివరకు కనూ నడిపిన అనుభవం ఉంది. ఆ మిత్రుడు 5 రోజుల్లో సుమారు 70 కిలోమీటర్లు చుట్టి, బయలుదేరిన చోటికే మరో దారిన చేరుకునేలా మ్యాపు మీద దారి గీశాడు. మధ్యలో కనూను భుజాన మోసుకుని నడవాల్సిన చోట్లు 14 ఉన్నాయి. పిల్లలతో ఇది సాధ్యపడుతుందా?

జవాబు: అలవాటుపడ్డ ఇద్దరు పెద్దవాళ్ళకు సాధ్యపడుతుంది. మీ జట్టుకు ఆ దారి తగదని స్పష్టంగా చెప్పాలి. సామాను నింపిన కనూ గాలి లేని నీటి మీద గంటకు 4 కిలోమీటర్లు నడిస్తే బాగా నడిచినట్టే, కాబట్టి 70 కిలోమీటర్లంటే రోజుకు మూడున్నర గంటలు తెడ్డు వేయాలి. ఇది భారంగా కనిపించదు. అసలు సమయమంతా పోయేది పోర్టేజ్‌ల దగ్గర, అంటే ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు పడవనూ సామాన్లనూ మోసుకుపోయే కాలిబాటల దగ్గర. సామానంతా ఒక్క విడతలో మోయలేనివాళ్ళు 500 మీటర్ల బాటను ఒకసారి బరువుతో దాటి, ఖాళీ చేతులతో వెనక్కి వచ్చి, మళ్ళీ బరువుతో వెళ్ళాలి, అంటే కిలోమీటరున్నర నడవాలి. దించడం, మోయడం, మళ్ళీ ఎక్కించడం, పిల్లలకు నీళ్ళు తాగించడం కలిపితే ఒక్కో పోర్టేజ్‌కు గంట దాకా పడుతుంది. రోజుకు మూడు వస్తే, గుడారం వేయడానికీ వంటకూ ముందే ఆరున్నర గంటల శ్రమ అయిపోతుంది. ఈ లెక్కలో ఎదురుగాలి లేదు, వాన లేదు, ఏడేళ్ళ పిల్ల ఇక నడవనని కూర్చునే అరగంట లేదు.

మ్యాపుల్లో మరో చిక్కు ఉంది. అమెరికాలోని మిన్నెసోటా ఉత్తరాన ఉన్న బౌండరీ వాటర్స్ అడవి ప్రాంతం 10 లక్షల ఎకరాలకు పైబడినది, అందులో వెయ్యికి పైగా సరస్సులు ఉన్నాయి. అక్కడి మ్యాపుల మీద పోర్టేజ్ పొడవును మీటర్లలో కాక రాడ్లలో వేస్తారు. ఒక రాడ్ అంటే పదహారున్నర అడుగులు, దాదాపు ఒక కనూ పొడవు. 100 అని చూసి వంద మీటర్లేనని అనుకున్నవాళ్ళు తీరా దిగాక అర కిలోమీటరు మోయాల్సి వస్తుంది. మీ మిత్రుడు గీసిన దారిని ఈ దృష్టితో మరోసారి చూడమని కోరండి.

నా సలహా ఇది. మొదటి రోజు 8 నుంచి 10 కిలోమీటర్లకు మించకుండా, రెండు చిన్న పోర్టేజ్‌లు మాత్రమే ఉండేలా ఒక సరస్సును ఎంచుకుని, అక్కడే మూడు రాత్రులు ఉండండి. మధ్య రోజుల్లో సామాను లేని తేలిక కనూలతో చుట్టుపక్కల సరస్సులకు వెళ్ళి సాయంత్రానికి తిరిగి రండి. చివరి రోజు వచ్చిన దారినే వెనక్కి వెళ్ళండి. వచ్చిన దారినే వెళ్ళడాన్ని చాలామంది తక్కువగా చూస్తారు. నేను అలా చూడను, ఎందుకంటే అలిసిపోయిన రోజున ఏ బాటలో బురద ఉందో, ఏ ఒడ్డున దిగడం తేలికో ముందే తెలిసి ఉండడం పిల్లలున్న జట్టుకు పెద్ద అండ. ప్రయాణాన్ని జట్టులో అందరికన్నా బలహీనంగా ఉన్నవారి శక్తిని బట్టి అమర్చుకోవాలి. ఆ ఒక్కరు హాయిగా ఉంటే మిగిలిన వాళ్ళందరూ హాయిగా ఉంటారు.

మీ ఆరుగురికి 17 అడుగుల కనూలు రెండు చాలు. పెద్దవాళ్ళు ముందూ వెనకా కూర్చుని, ఒక్కో కనూ మధ్యలో ఒక్కో పిల్లవాణ్ణి పడవ అడుగున పరుపు ముక్క వేసి కూర్చోబెట్టండి. ఎట్టి పరిస్థితిలోనూ పిల్లలను తాడుతో పడవకు కట్టకండి. ఇద్దరు కొత్తవాళ్ళు ఒకే కనూలో పడేటట్లయితే, బయలుదేరే ముందు లోతులేని నీటిలో కనీసం రెండు పూటలు సాధన చేయండి. అద్దెకు తీసుకునేటప్పుడు కెవ్లార్ అనే గట్టి కృత్రిమ నారతో చేసిన కనూ దొరికితే తీసుకోండి. అది సుమారు 20 కిలోలు ఉంటుంది, అదే పొడవు అల్యూమినియం కనూ దాదాపు 34 కిలోలు. అయితే కెవ్లార్ రాళ్ళ రాపిడికి ఓర్చుకోదు. ఒడ్డు సమీపించగానే, అడుగు రాయికి తగలకముందే, మోకాలి లోతు నీటిలోకి దిగి పడవను చేత్తో పట్టుకుని నిలపాలి, తేలుతుండగానే సామాను దించాలి. కాబట్టి రోజంతా తడిసే ఉండే బూట్లు ఒక జత, గుడారం దగ్గర వేసుకునే పొడి బూట్లు ఒక జత ప్రతి ఒక్కరికీ కావాలి.

అనుమతుల విషయం ముందుగానే చూసుకోండి. బౌండరీ వాటర్స్‌లో ఒక జట్టులో 9 మందికీ 4 పడవలకూ మించకూడదు. మే 1 నుంచి సెప్టెంబరు 30 దాకా రాత్రి బస చేసే జట్ల సంఖ్యకు ప్రవేశద్వారం వారీగా పరిమితి ఉంటుంది. సీలు వేసిన రేకు డబ్బాల్లో, గాజు సీసాల్లో ఆహార పానీయాలు తీసుకువెళ్ళనివ్వరు. కెనడాలో 1893లో ఏర్పడిన ఆల్గాంక్విన్ పార్కు లోపలి ప్రాంతంలోనూ ఇదే నిషేధం ఉంది. ఏ ప్రాంతానికి వెళ్ళినా అక్కడి నియమాలను ఆ ఏడాదివే చదవాలి, పాతవి మారి ఉండవచ్చు.

ప్రశ్న: మేం భార్యాభర్తలం. కనూ ఎక్కిన ప్రతిసారీ అది పాములా వంకర్లు తిరుగుతుంది. ముందు కూర్చున్న నన్ను ఆయన తప్పుపడతారు, వెనక కూర్చున్న ఆయనను నేను తప్పుపడతాను. ఎవరిది పొరపాటు?

జవాబు: దారి పట్టించే బాధ్యత వెనక కూర్చున్నవారిది, కాబట్టి ఈ విషయంలో మిమ్మల్ని తప్పుపట్టడం న్యాయం కాదు. వెనక కుడి వైపున తెడ్డు వేస్తే పడవ ముక్కు ఎడమకు తిరుగుతుంది. దాన్ని సరిచేయడానికి కొత్తవాళ్ళు ఎడమ వైపుకు మార్చి వేస్తారు, అప్పుడు ముక్కు కుడికి తిరుగుతుంది. ఇలా మారుస్తూ పోతే వంకర్లు తప్పవు. దీనికి ఉపాయం జె స్ట్రోక్ అనే తెడ్డు వాటం. మామూలుగా తెడ్డును వెనక్కి లాగి, అది తుంటిని దాటుతుండగా, పిడిని పట్టుకున్న పై చేతి బొటనవేలు కిందికి చూసేలా మణికట్టు తిప్పాలి. అప్పుడు నీటిలోని తెడ్డు రేకు పడవకు సమాంతరంగా నిలుస్తుంది. ఆ క్షణంలో దాన్ని పడవ నుంచి బయటికి కొద్దిగా నెట్టాలి. ముక్కు దారిలోకి వస్తుంది. బొటనవేలు పైకి చూస్తూ ఉంటే అది వేరే వాటం, పడవ వేగం పడిపోతుంది. నేర్చుకునేవాళ్ళు తమ బొటనవేలినే చూసుకుంటూ ఉంటే త్వరగా పట్టుబడుతుంది.

ముందు కూర్చున్న మీరు చేయవలసింది ఒక లయలో, తెడ్డును వీలైనంత నిలువుగా ఉంచి, పడవ అంచుకు దగ్గరగా లాగడం. తుంటి దాటాక లాగినందువల్ల ఉపయోగం లేదు. నీటిలో మునిగిన రాళ్ళు ముందుగా కనిపించేది మీకే, కాబట్టి వాటిని బిగ్గరగా చెప్పడం కూడా మీ పని. ఇన్ని చేసినా పడవ మాట వినకపోతే సామాను సర్దుకున్న తీరు చూడండి. ఎదురుగాలిలో ముందు భాగం కొంచెం బరువుగా, వెనక నుంచి గాలి వీస్తున్నప్పుడు వెనక భాగం కొంచెం బరువుగా ఉండాలి. ఒక మూటను రెండడుగులు జరిపితే చాలా తేడా తెలుస్తుంది.

ప్రశ్న: నాకు ఈత బాగా వచ్చు. లైఫ్ జాకెట్ వేసుకుంటే తెడ్డు వేయడానికి అడ్డుగా ఉంటుంది. సీటు కింద అందుబాటులో ఉంచుకుంటే సరిపోదా? గాలి లేచినప్పుడు ఏం చేయాలో కూడా చెప్పండి.

జవాబు: సరిపోదు. మీ కోసం, మిమ్మల్ని చూసి నేర్చుకునే పిల్లల కోసం దయచేసి జాకెట్ వేసుకుని జిప్పు పైదాకా లాగి ఉంచండి. ఉత్తరాది సరస్సుల్లో మంచు కరిగిన కొత్తలో గాలి 20 డిగ్రీలు ఉన్న రోజున కూడా నీరు 10 డిగ్రీల లోపే ఉండవచ్చు. అలాంటి నీటిలో హఠాత్తుగా పడినప్పుడు శరీరం ఎలా స్పందిస్తుందో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చాలా కాలం పరిశోధించి, గుర్తుంచుకోవడానికి 1-10-1 అనే సూత్రం చెప్పారు. మొదటి 1 నిమిషం ఊపిరి అదుపులో ఉండదు, ఎగశ్వాసతో నీరు మింగే ప్రమాదం అప్పుడే. తరువాత సుమారు 10 నిమిషాలు మాత్రమే చేతులూ వేళ్ళూ మాట వింటాయి. శరీరం చల్లబడి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట పడుతుంది. ఆ గంట బతికి ఉండే అవకాశం తల నీటి పైన ఉన్నవారికే. గజ ఈతగాడి చేతులు కూడా పది నిమిషాల తరువాత పనిచేయవు, అలాంటప్పుడు పల్టీ కొట్టిన పడవ కింద జాకెట్ కోసం వెతికి, దాన్ని తొడుక్కుని, బకిల్ పెట్టుకోవడం ఎలా సాధ్యం?

పడవ తిరగబడితే ఒడ్డు దగ్గరగా కనిపించినా ఈదడానికి ప్రయత్నించకండి. నీటి మీద దూరం కంటికి తక్కువగా తోస్తుంది. మొదట మీతో ఉన్నవారిని పేరు పెట్టి పిలిచి ఉన్నారో లేదో చూసుకోండి. పడవను వదలకుండా పట్టుకోండి, అది నీరు నిండినా తేలుతుంది. రెండో కనూలోని వాళ్ళు దగ్గరకు వచ్చి, తిరగబడిన కనూను తమ కనూకు అడ్డంగా పైకి లాగి, నీరు కారిపోయాక తిప్పి మళ్ళీ నీటిలోకి జార్చాలి. దీన్ని వేసవిలో, లోతులేని చోట, సామాను లేకుండా ఒక మధ్యాహ్నం అందరూ కలిసి సాధన చేయండి. పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది. అవసరమైన రోజున ఎవరూ బెంబేలెత్తరు. నూలు బట్టలు తడిస్తే వేడిని నిలుపుకోవు, కాబట్టి ఉన్నివీ సింథటిక్‌వీ వేసుకోవాలి. ఒక జత పొడి బట్టలు నీరు చొరని సంచిలో ఎప్పుడూ ఉండాలి.

ఇక గాలి. పెద్ద సరస్సును దాటవలసి ఉంటే తెల్లవారగానే బయలుదేరి, ఎండ ముదిరి గాలి పుంజుకునే లోపే అవతలికి చేరాలి. గాలికి అడ్డంగా నిలిచిన ఒడ్డు నీడన, దీవుల వెనకగా, దూరమైనా చుట్టి వెళ్ళడం నడిమధ్యగా కోసుకుపోవడం కన్నా మేలు. అలలు నురగలు కక్కుతుంటే మోకాళ్ళ మీదికి దిగండి, బరువు కిందికి దిగి పడవ నిలకడ పెరుగుతుంది. అలలకు పక్క చూపకుండా కొద్ది ఏటవాలుగా ఎదుర్కోండి. అంతకన్నా ముందు, వెళ్ళాలా ఆగాలా అని సందేహం కలిగితే ఆగిపోండి. రోజంతా గాలి వల్ల ఒడ్డునే ఉండిపోవలసి వస్తుందని ముందే ఊహించి ఒక రోజు ఆహారం, ఒక రోజు సెలవు అదనంగా పెట్టుకున్న జట్టు ఈ నిర్ణయం తేలికగా తీసుకోగలదు. సోమవారం పొద్దున్నే ఆఫీసుకు చేరాలని ఆదివారం సాయంత్రం అలల మీదికి దిగేవాళ్ళ గురించే నాకు భయం. ఉరుము వినబడితే వెంటనే నీటి మీద నుంచి బయటికి వచ్చి, చివరి ఉరుము తరువాత అరగంట దాకా మళ్ళీ దిగకూడదు.

ప్రశ్న: మా జట్టులో ముగ్గురికి చేపలు పట్టడం ఇష్టం. ఏ చేప ఎక్కడ దొరుకుతుంది? పట్టినవాటిని తిరిగి వదిలితే అవి నిజంగా బతుకుతాయా? చేపల వాసనకు ఎలుగుబంట్లు వస్తాయని ఇంట్లో వాళ్ళు భయపడుతున్నారు.

జవాబు: ఉత్తర అమెరికా అడవి సరస్సుల్లో ఎక్కువగా పట్టేవి వాలై, నార్తర్న్ పైక్, స్మాల్‌మౌత్ బాస్, లేక్ ట్రౌట్. వాలై కంటి లోపల వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది, అందువల్ల మసక వెలుతురులో అది తన ఎరను బాగా చూడగలదు. దాన్ని మిట్టమధ్యాహ్నం వెతకడం కన్నా సందెవేళ రాతి గట్ల అంచుల్లో వెతకండి. పైక్ నీటి మొక్కల గుబురుల్లో పొంచి ఉంటుంది. దాని పళ్ళు నైలాన్ దారాన్ని కోసేస్తాయి, కాబట్టి గాలానికి ముందు సన్నని ఉక్కు తీగ కట్టాలి. స్మాల్‌మౌత్ బాస్ రాళ్ళ మధ్య ఉంటుంది, పిల్లలకు మొదటి చేపగా ఇంతకన్నా మంచిది లేదు, చిన్నదైనా గట్టిగా పెనుగులాడుతుంది. లేక్ ట్రౌట్ చల్లని నీటి చేప, మంచు కరిగిన కొత్తలో పైన దొరికినా నడి వేసవికి బాగా లోతుకు దిగిపోతుంది.

తిరిగి వదిలిన చేప బతకడం మీరు దాన్ని పట్టుకున్న తీరును బట్టి ఉంటుంది. ముట్టుకునే ముందు చేతులు తడుపుకోండి. పొడి చేతులు దాని ఒంటి మీది జిగురు పొరను ఊడదీస్తాయి, రోగాల నుంచి కాపాడేది ఆ పొరే. దవడ పట్టి నిలువునా వేలాడదీయకుండా, కడుపు కింద చెయ్యి పెట్టి అడ్డంగా పట్టుకోండి. వీలైతే నీటిలోనే ఉంచి శ్రావణంతో గాలం తీయండి. గాలం కొన దగ్గరి వెనుకముల్లును శ్రావణంతో నొక్కి చదును చేస్తే చేపకూ మంచిది, మీ వేళ్ళకూ మంచిది. బౌండరీ వాటర్స్‌కు ఆనుకుని కెనడా వైపున ఉన్న క్వెటికో పార్కులో వెనుకముల్లు లేని గాలాలనూ కృత్రిమ ఎరలనూ మాత్రమే వాడాలన్నది నియమం.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. వాలైకీ బాస్‌కూ గాలితిత్తి, అంటే నీటిలో తేలడానికి తోడ్పడే లోపలి గాలి సంచి, మూసుకుని ఉంటుంది. బాగా లోతు నుంచి వాటిని వేగంగా పైకి లాగితే ఒత్తిడి తగ్గి, ఆ తిత్తి ఉబ్బి, లోపలి అవయవాలు నలుగుతాయి. అలాంటి చేపను వదిలినా అది కిందికి దిగలేక వెల్లకిలా తేలుతుంది. లేక్ ట్రౌట్‌కు గాలితిత్తి నుంచి గొంతుకు దారి ఉంటుంది కాబట్టి కొంత గాలిని బయటికి వదులుకోగలదు. అందుచేత కూరకు కావలసినన్ని దొరికాక లోతు నీటిలో వాలై కోసం గాలం వేయడం ఆపేయడమే పద్ధతి. సరదా కోసం పట్టి వదులుతున్నామన్న మాట అక్కడ నిజం కాదు. తినడానికి మధ్యరకం చేపలను ఉంచుకుని, గుడ్లు ఎక్కువ పెట్టే పెద్ద ఆడ చేపలను వదిలేయండి. లైసెన్సు, రోజుకు ఎన్ని ఉంచుకోవచ్చన్న పరిమితి రాష్ట్రాన్ని బట్టీ సరస్సును బట్టీ మారతాయి, సరిహద్దు దాటితే పాత లైసెన్సు చెల్లదు. సీసం గుండ్లు వాడకండి, నీటి పక్షులు వాటిని గులకరాళ్ళనుకుని మింగి చనిపోతాయి. మిగిలిన ప్రాణమున్న ఎరను నీటిలో పారబోయకండి.

ఎలుగుబంట్ల విషయంలో మీ ఇంటివారి జాగ్రత్త సరైనదే, భయపడవలసినంత లేదు. నల్ల ఎలుగులు ఆహారం కోసం వస్తాయి, మనుషుల కోసం కాదు. చేపలను గుడారాల దగ్గర కోయకండి. వ్యర్థాలను నీటిలో వేయాలా, లోపలికి తీసుకువెళ్ళి పూడ్చాలా అన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది కాబట్టి అనుమతిపత్రంతో ఇచ్చే సూచనలు చదవండి. చేపలు కోసిన బట్టలు మార్చుకోకుండా గుడారంలో పడుకోకండి. ఆహారాన్నీ, పళ్ళ పేస్టు, సబ్బు వంటి వాసన ఉన్నవాటినీ ఎలుగులు తెరవలేని గట్టి డబ్బాలో పెట్టండి, లేదా నేల నుంచి దాదాపు 4 మీటర్ల ఎత్తున, చెట్టు మొదలుకు 2 మీటర్ల దూరంగా వేలాడదీయండి. గిన్నెలు తోమడం, స్నానం వంటివి నీటి అంచు నుంచి కనీసం 60 మీటర్ల దూరంలో జరగాలి.

ప్రశ్న: చేపలు పట్టేవాళ్ళు ఉన్నచోటే ఉందామంటారు, మిగిలినవాళ్ళు ముందుకు వెళ్దామంటారు. ప్రతిసారీ దీని మీదే మాటామాటా పెరుగుతుంది.

జవాబు: ఇది ఒడ్డున తేల్చుకోవలసిన విషయం కాదు, ఇంటి దగ్గరే తేల్చుకోవాలి. ఉదయం తొమ్మిది వరకూ, సాయంత్రం ఆరు తరువాతా చేపలకు కేటాయించి, మధ్య సమయాన్ని ప్రయాణానికో ఈతకో ఉంచితే ఇద్దరికీ సరిపోతుంది, ఎలాగూ చేపలు బాగా తినేది ఆ వేళల్లోనే. దారి మార్చడం, వెనుదిరగడం వంటివాటికి మాత్రం ఓట్లు వద్దు. ఎవరు ఒక్కరు వెనక్కి వెళ్దామన్నా వెళ్ళాలన్నది ముందే ఒప్పుకోండి. అలా ఒప్పుకున్న జట్టులో భయపడిన పిల్లలూ కొత్తవాళ్ళూ దాచుకోకుండా చెప్తారు.

ప్రశ్న: రోడ్డుకు రెండు రోజుల దూరంలో ఉండగా వేలిలో గాలం దిగితే ఏం చేయాలి?

జవాబు: మూడు కొనల గాలమైతే మొదట దాన్ని ఎర నుంచి కత్తిరించి వేరుచేయండి, మిగిలిన కొనలకు టేపు చుట్టండి. వెనుకముల్లు లేని గాలమైతే వచ్చిన దారినే బయటికి వస్తుంది. వెనుకముల్లు చర్మంలోకి దిగి ఉంటే, గాలం వంపు చుట్టూ గట్టి దారం మడతపెట్టి వేయండి. ఒక వేలితో గాలం కాడను చర్మానికి ఆనేలా కిందికి నొక్కి పట్టుకుని, దారాన్ని చర్మానికి సమాంతరంగా ఒక్క ఊపున లాగండి. నొక్కడం వల్ల వెనుకముల్లు కండ నుంచి విడివడుతుంది. మెల్లగా లాగితే పని జరగదు, నొప్పి మాత్రం ఎక్కువవుతుంది. గాలం ఎగిరే దిక్కున ఎవరూ నిలబడకూడదు. తరువాత మరిగించి చల్లార్చిన నీటితో, సబ్బుతో బాగా కడిగి కట్టు కట్టండి. ఎరుపు, వాపు, చీము పెరుగుతున్నాయేమో రోజూ చూడండి.

కంటిలో గానీ, కంటికి దగ్గరగా గానీ, కీలులో లోతుగా గానీ దిగితే దాన్ని తాకకండి. కదలకుండా చుట్టూ మెత్తగా కట్టి, ఉపగ్రహ సంకేత పరికరంతో సహాయం కోరండి. మొబైల్ ఫోను పనిచేయని చోట్లకు వెళ్ళే ప్రతి జట్టు దగ్గరా అలాంటి పరికరం ఒకటి ఉండాలి, దాన్ని వాడడం కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. టెటనస్ టీకా వేసుకుని పదేళ్ళు దాటి ఉంటే, బయలుదేరడానికి ముందే డాక్టరును అడిగి వేయించుకోండి.